ఎగిరిపోయిన పిట్టల ఫొటోలు

చిన్నప్పుడు నేను చూసిన పక్షులన్నీ వెళ్ళిపోతున్నవే. రెక్కల అడుగున తెలుపు, వెనక్కి చాచిన కాళ్ళు, దూరమైనకొద్దీ చుక్కలైపోయే వీపులు. నాకు గుర్తున్నవి ఇవే. ఎదురుగా నిలబడి మొహం చూపించిన పక్షి ఒక్కటీ లేదు. కొల్లేటికోటలో పుట్టి పెరిగిన మనిషి ఈ మాట అంటే ఎవరూ నమ్మరు. ఎక్కడెక్కడి జనమో బస్సులు కట్టించుకుని, మెళ్ళో బైనాక్యులర్లు వేలాడేసుకుని మా వైపు పక్షుల్ని చూడ్డానికి వస్తారు. నేను మాత్రం వాటి మొహం చూడకుండానే పెళ్ళి చేసుకుని ఏలూరు పక్కకి వచ్చేశాను.

దానికి కారణం మా నాన్న. ఆయన చేపల చెరువుల మీద కాపలా మనిషి. చెరువు ఆయనది కాదు, చేప ఆయనది కాదు, కేక మాత్రం ఆయనది. తవుడు సంచులకి అడుగున చిల్లులు పొడిచి, నీళ్ళలో పాతిన కర్రలకి కట్టి మునిగేలా వేలాడదీసేవాడు. చేపలు వచ్చి ఆ చిల్లుల దగ్గర మూతులు పెట్టి తినేవి. చేపలు పైకి తేలే వేళకి వాటి కోసం పక్షులు దిగేవి. గూడబాతులు గుంపుగా వాలేవి, నీటికాకులు మునిగి ఎక్కడో తేలేవి, కొంగలు గట్టు వెంబడి ఏమీ ఎరగనట్టు నడిచేవి. అప్పుడు నాన్న లేచి నిలబడి, ఎడమ చెయ్యి ఎత్తి కేకేసేవాడు. "ఓ...హోయ్!" అని మొదలై, చివర గొంతు పైకి లేచి విరిగే కేక. ఏ చెరువు మీద మనిషి కేక ఆ మనిషిదే. మా ఇంట్లో పొయ్యి దగ్గర కూర్చున్న అమ్మ, గాలి అటునుంచి వీచినప్పుడు, అదిగో మీ నాన్న, అనేది.

సెలవు రోజుల్లో నేను అన్నం క్యారేజీ పట్టుకుని గట్టు మీదకి వెళ్ళేదాన్ని. సంచి కట్టిన కర్ర మీద ఒక్కోసారి లకుముకి పిట్ట కూర్చుని ఉండేది. బారెడు ముక్కు, వీపున నీలం. అది తల తిప్పి నావైపు చూస్తుందేమోనని ఊపిరి బిగబట్టి నిలబడేదాన్ని. సరిగ్గా అప్పుడే వెనకనుంచి నాన్న గొంతు వినబడేది.

"చెవులు మూసుకో అమ్మాయ్!"

మరీ చిన్నప్పుడు ఒకసారి ఆయన పక్కనే నిలబడి ఉండగా కేకేస్తే, దడుచుకుని క్యారేజీ కింద పడేసి ఏడ్చానట. అప్పటినుంచి నేను గట్టు మీద ఉంటే, ముందు ఆ మాట అనకుండా నాన్న కేకెయ్యలేదు. చేప పోతున్నా సరే, ముందు ఆ మాటే. నేను రెండు చేతులతో చెవులు మూసుకునేదాన్ని. చెవులు మూసుకుంటే నాకు కళ్ళు కూడా మూతపడతాయి, ఇప్పటికీ అంతే. కళ్ళు తెరిచేసరికి కర్ర మీద ఏమీ ఉండేది కాదు.

ఇప్పుడు మా ఇల్లు ఏలూరు పక్కనే, వట్లూరులో. నేను దగ్గర్లోనే ఒక కాలేజీలో లెక్కలు చెబుతాను. మా ఆయన తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్లో గుమస్తా. పొద్దున్న పాసింజరుకి వెళ్ళి సాయంత్రం బండికి వస్తారు. ఇంటి వెనక పల్లపు స్థలం ఒకటి ఎవరూ కట్టుకోక పడి ఉంది. ఏడాదంతా అందులో నీళ్ళు నిలిచి గుర్రపుడెక్క పెరుగుతుంది. దోమలని అందరూ తిట్టుకునే ఆ స్థలం వల్లే మా పెరటికి పిట్టలు వస్తాయి. పెరడు పెద్దదేం కాదు. ఒక జామ, ఒక మునగ, రెండు బొప్పాయిలు, చేతులు కడుక్కునే కుళాయి, అంతే.

కెమెరా గూడెంనుంచి వచ్చింది. అందరూ పెళ్ళిళ్ళు ఫోన్లలోనే తీసుకుంటున్నారని విసుగెత్తి స్టూడియో మూసేసుకున్న ఒకాయన దగ్గర మా ఆయన కొన్నారు. పొడుగు లెన్సుతో సహా ఉల్లిపాయల సంచిలో చుట్టి తెచ్చారు. ఆ సంచి పారేశాను గానీ కెమెరా పట్టీకి ఇప్పటికీ ఆ వాసన ఉంది.

"పెళ్ళిళ్ళకి వెళ్తావా ఏంటి?" అని నవ్వారు.

"లేదండీ. పిట్టల్ని తీస్తాను. ముందునుంచి తీస్తాను," అన్నాను. ఆయనకి అర్థం కాలేదు. అప్పుడు కొల్లేటి గట్టు సంగతి చెప్పాను. అంతా విని, "మావయ్యగారు వెళ్ళగొట్టినవాటిని నువ్వు పిలుస్తున్నావన్నమాట," అన్నారు. అంతే కదా మరి.

మట్టి మూకుడులో నీళ్ళు పెట్టాను. ముందు కాకులు వచ్చాయి. అందులో ఎక్కడెక్కడి ఎముకలో తెచ్చి నానబెట్టుకుని వెళ్ళేవి. తర్వాత గోరువంకలు వచ్చాయి, వచ్చిన రోజే తమలో తాము కొట్టుకున్నాయి. బొప్పాయి పండు ఒకటి కొయ్యకుండా వదిలేస్తే పిగిలిపిట్టలు వచ్చాయి. మునగ పూసినప్పుడు బొటనవేలంత తేనెపిట్ట వచ్చింది. దొడ్డి తలుపుకి పాత చీర అడ్డం కట్టి, దానికి చిన్న చిల్లు చేసి, వెనక పీట వేసుకుని కూర్చునేదాన్ని. కాకి ఫొటో బాగా వచ్చేది. కాకికి ఎవరన్నా లక్ష్యం లేదు. మిగతావాటితోనే చిక్కంతా.

నాకు కావలసిన లకుముకి మాత్రం పల్లంలో కరెంటు తీగ మీద కూర్చుని పోయేదే గానీ పెరట్లోకి దిగేది కాదు. చేప కావాలి దానికి. సరే అని సిమెంటు తొట్టి ఒకటి తెప్పించి, నీళ్ళు పోసి, పైన వెదురు పుల్ల అడ్డంగా కట్టాం. ఇక్కడే కొల్లేటి బుద్ధి బయటపడింది. చేప పిల్లలంటే నాకు శీలావతి పిల్లలే తెలుసు. ఊర్నుంచి తెప్పించి వేశాను. వేసినదాన్ని ఊరుకోవచ్చు కదా, రోజూ తవుడు కూడా వేశాను. చేపని చూస్తే తవుడు వెయ్యకుండా ఉండలేని వంశం మాది. ఆ పిల్లలు నిగనిగలాడుతూ ఎదిగి, పిట్ట వాటిని మింగడం కాదు, అవే పిట్టని లాగేసేంత అయ్యాయి. మా ఆయన రోజూ తొట్టిలోకి తొంగిచూసి, "పులుసా, వేపుడా?" అనేవారు. చివరికి పులుసే అయింది. తర్వాత పంట బోదెలోంచి వేలెడు పరిగెలు పట్టించి వేశాను. వాటికి తవుడు వెయ్యకుండా నా చేతులు నేనే పట్టుకున్నాను.

నాన్నకి పక్షవాతం వచ్చింది ఆ రోజుల్లోనే. చెరువు గట్టు మీద, పాకలో పడిపోయాడు. అమ్మ అప్పటికే పోయింది. తోటి కాపలావాళ్ళు మోసుకొచ్చి ఆటో ఎక్కించి ఏలూరు ఆసుపత్రికి తెచ్చారు. ప్రాణం దక్కింది, మా ఇంటికి తెచ్చుకున్నాం. కుడి చెయ్యి పోయింది, కుడి కాలు ఈడ్చుకుంటూ కర్ర సాయంతో నాలుగడుగులు వేసేంత మిగిలింది. మాట పూర్తిగా పోయింది.

అందరిలోకీ పెద్ద గొంతు ఉన్న మనిషి నోట్లోంచి గాలి తప్ప ఏమీ రాకపోవడం నేను చూడలేకపోయాను. మనం అన్నది ఆయనకి అంతా అర్థమయ్యేది. నీళ్ళు కావాలా అంటే తలూపేవాడు. జవాబు చెప్పబోతే మాత్రం పెదాలు కదిలి ఆగిపోయేవి. మాటలు నేర్పే మేడమ్ ఒకావిడ ఏలూరునుంచి ఇంటికి వచ్చేది. గ్లాసు, తాళంచెవి, ఇలాంటి బొమ్మల అట్టలు చూపించి, "ఇదేంటండీ బాబాయిగారూ? గ్లా... గ్లా..." అనేది. నాన్న ఆ గ్లాసు బొమ్మ వైపు చూసి చూసి, కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుని, ఎడమ చేత్తో అట్టని తోసేసేవాడు.

"మాట లోపలే ఉందండీ. బయటికొచ్చే దారి తెగింది," అంది ఆవిడ నాతో గుమ్మం దగ్గర.

నాకు గ్లాసు అక్కర్లేదు, తాళంచెవి అక్కర్లేదు. నన్ను ఒక్కసారి అమ్మాయ్ అని పిలిస్తే చాలనుకున్నాను. ఆ పిలుపు ఇంక ఈ లోకంలో ఎవరి నోటా రాదు. కాలేజీలో బోర్డు మీద రాస్తూ రాస్తూ ఆ సంగతి గుర్తొచ్చి చాక్‌పీస్ పట్టుకుని నిలబడిపోయిన రోజులున్నాయి.

పగలంతా నాన్న దొడ్డి వరండాలో పేము కుర్చీలో కూర్చునేవాడు. పెరడు చూసేవాడు. చూడ్డం అంటే తలుపు చూసినట్టూ గోడ చూసినట్టూనే. గోరువంకలు కాళ్ళ దగ్గరికి వచ్చినా కదిలేవాడు కాదు. ఆ మనిషి ముందు పక్షి అంత ధైర్యంగా తిరగడం చూస్తే నేను లేచి లోపలికి వెళ్ళిపోయేదాన్ని.

ఒక ఆదివారం పొద్దున్న చీర వెనక పీట మీద ఉన్నాను. నాన్న నా వెనక కుర్చీలో ఉన్నాడు. ఏ శబ్దం లేకుండా లకుముకి వచ్చి వెదురు పుల్ల మీద వాలింది. మొదటిసారి రావడం. తల వంచి నీళ్ళలోకి చూస్తోంది. కాస్త తలెత్తు తల్లీ, అని లోపలే బతిమాలుకుంటున్నాను. అది తలెత్తలేదు, తొట్టిలోకి దూకింది.

"ఓ...హోయ్!"

ఇల్లు అదిరింది. నా వేలు తనంతట తనే బటన్ నొక్కేసింది. జామచెట్టు మీదవన్నీ ఒక్కసారిగా లేచిపోయాయి. వెనక్కి తిరిగితే నాన్న కుర్చీలో నిటారుగా ఉన్నాడు. ఎడమ చెయ్యి పైకెత్తి ఉంది. కళ్ళలో పాత కోపం. కాపలా కాసే నీళ్ళలోంచి చేప పోతోంది, ఇంకేం ఆగుతాడు?

మా ఆయన ఒక చెంపన సబ్బు నురగతో పరిగెత్తుకొచ్చారు. "ఎవరు? ఎవరే అరిచిందీ?"

వేలుతో చూపించాను. నాన్న అటూ ఇటూ చూస్తున్నాడు, ఆ కేక ఎవరేశారా అని వెతుకుతున్నట్టు. తర్వాత తన గొంతు మీద చెయ్యి వేసుకుని తడుముకున్నాడు. నేను వెళ్ళి ఆయన మోకాళ్ళ మీద తల పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాను. ఆ రోజు తీసిన ఫొటోలో ఒక పుల్ల, కొన్ని నీటి చుక్కలు, మూల మీద నీలం గీత ఒకటి ఉన్నాయి.

మాటల మేడమ్ అది విని కుర్చీ ముందుకు లాక్కుంది. "ఏళ్ళ తరబడి అని అని ఒంటికి పట్టేసిన మాటలు అలా మిగిలిపోతాయండీ. కొందరికి దణ్ణాలు, కొందరికి తిట్లు, కొందరికి పాటలు. దాన్ని ఆపకండి. ఆ కేక పక్కనే ఎప్పుడూ అనే మాట ఏదైనా ఉంటే దాని వెంట అది కూడా రావచ్చు. గట్టిగా చెప్పలేను, చూద్దాం."

ఆ కేక పక్కన ఉండే మాట ఏదో నాకు తెలుసు. కేకకి ముందే ఉండేది అది. ఆ మాట చివర అమ్మాయ్ అని నేను ఉండేదాన్ని.

అప్పటినుంచి మా ఇంట్లో పిట్టల్ని పిలిచేది వెళ్ళగొట్టడానికే. రోజూ పొద్దున్నే నూకలు చల్లేదాన్ని, మూకుడులో నీళ్ళు మార్చేదాన్ని, పరిగెలు తెప్పించేదాన్ని. అవి వచ్చేవి. నాన్న చూసేవాడు. తొట్టి వైపు ఏది వెళ్ళినా "ఓ...హోయ్!" మొదట్లో లకుముకికీ కొంగకీ మాత్రమే వచ్చేది. తర్వాత కాకికి కూడా వచ్చింది. గోరువంకలు నాలుగు రోజులకే ఆ కేక ఉత్తదని తెలుసుకుని పట్టించుకోవడం మానేశాయి. నాన్నకి అవమానమైపోయి, కర్రతో నేలకేసి కొట్టేవాడు. అంత కోపం ఆయన మొహంలో చూడ్డం నాకు పండగలా ఉండేది.

పక్కింటావిడ గోడ మీదనుంచి అడిగింది, "ఏవండీ, నాన్నగారికి ఒంట్లో ఎలా ఉందండీ? పొద్దున్నే కేకలు వినబడుతున్నాయి."

"బాగవుతోందండీ," అన్నాను. "అందుకే కేకలు."

ఒకరోజు నేను నూకలు చల్లుతుంటే నాన్న కర్రతో నేల తట్టి పిలిచాడు. నూకల సంచి చూపించాడు, వంటింటి వైపు చూపించాడు. నేను గరిటె తెచ్చాను, కాదన్నాడు. చాకు తెచ్చాను, కాదన్నాడు. చివరికి గోనెసంచులు కుట్టే దబ్బనం తెస్తే తలూపాడు. ఖాళీ సంచి మోకాళ్ళ మధ్య ఇరికించుకుని ఎడమ చేత్తో అడుగున చిల్లులు పొడిచాడు. మేత సంచి! దాన్నిండా నూకలు పోసి జామకొమ్మకి కట్టించాడు. గాలి వీచినప్పుడల్లా నాలుగు గింజలు రాలేవి. సంచి పట్టుకుని పిచ్చుకలు తలకిందులుగా వేలాడేవి. చేపలకి అన్నం పెట్టిన చెయ్యి అలా పిట్టలకి కూడా పెట్టింది. పెట్టి, మళ్ళీ పైకి లేచి తరిమేది.

నేను మాత్రం ఎదురుచూస్తున్నది వేరే. రానురానూ కేకకి ముందు నాన్న నావైపు తిరగడం మొదలుపెట్టాడు. ఎడమ చెయ్యి తన చెవి దగ్గరికి పోయేది. చెవులు మూసుకోమని సైగ! సైగ వచ్చింది, మాట రాలేదు. "చెప్పు నాన్నా, చెప్పు," అని పీట మీదనుంచి లేచేదాన్ని. "చె..." అనేవాడు. "చె... చె..." మెడ నరాలు ఉబ్బేవి. ఈలోపు పిట్ట దూకేది, కేక వచ్చేసేది. చె దగ్గరే ఆగిపోయేది మా బండి. నాకు పిట్ట మీద కోపం వచ్చేది. ఒక్క క్షణం ఆగి దూకితే దాని సొమ్మేం పోయింది?

కెమెరా మాత్రం చేతిలో ఉండేది. అలవాటు కొద్దీ నొక్కుతూనే ఉండేదాన్ని. కేక పడిందా, నా వేలు పడేది. కార్డు నిండా ఖాళీ పుల్లలు, తోక చివరలు, చెదిరిన రెక్కలు.

ఒక సాయంత్రం మా ఆయన మార్కెట్నుంచి త్వరగా వచ్చి, హుషారుగా ఉండి, కెమెరా టీవీకి తగిలించారు. నాన్నని హాల్లో కూర్చోబెట్టారు. "చూడండి మావయ్యగారూ, మీ అమ్మాయి తీసిన ఫొటోలు. పిట్ట తప్ప అన్నీ ఉన్నాయి," అన్నారు. ఒక్కొక్కటీ వస్తోంది. ఖాళీ పుల్ల. నీలం గీత. ఊగుతున్న జామకొమ్మ. మళ్ళీ ఖాళీ పుల్ల. నేను నవ్వాను. మా ఆయన మరీ నవ్వారు. నాన్న మొదట నవ్వాడు. కాసేపటికి నవ్వడం మానేశాడు. టీవీ వంకా, నా చేతుల వంకా, మళ్ళీ టీవీ వంకా చూశాడు. గట్టు మీద క్యారేజీ పట్టుకుని నిలబడ్డ పిల్ల దేనికోసం అంతసేపు నిలబడేదో ఆయనకి ఆ సాయంత్రమే తెలిసిందనుకుంటాను. ఇలాంటిది జరుగుతుందని మా ఇద్దరికీ తట్టలేదు. మా ఆయన సరదాకే చూపించారు, నేను సరదాకే చూశాను.

మర్నాడు పొద్దున్న లకుముకి వచ్చింది. సన్నగా వాన కురిసి వెలిసింది. పుల్ల మీద వాలి ఒళ్ళు విదుల్చుకుంది. వెనక నాన్న కదిలిన చప్పుడైంది. తల తిప్పి చూశాను. ఎడమ చెయ్యి పైకి లేస్తోంది. చెవి దగ్గరికి పోతుందనుకున్నాను. ఇవాళ ఎలాగైనా మాట వస్తుందని ఆయన పెదాల వంకే చూశాను.

ఆ చెయ్యి చెవి దగ్గరికి పోలేదు. నోటి మీద పడింది. అరచేత్తో నోరు గట్టిగా మూసేసుకున్నాడు. పిట్ట నీళ్ళలోకి చూస్తోంది. నాన్న భుజాలు కదులుతున్నాయి. లోపల కేక తన్నుకొస్తోంది, ఆయన నొక్కిపెడుతున్నాడు. కళ్ళతో నన్ను అటు తిరగమన్నాడు. పిట్ట వైపు తిరగమన్నాడు.

తిరిగాను. చీర చిల్లులోంచి చూశాను. అది తలెత్తి సూటిగా నావైపు చూసింది. ముక్కు అడుగున కాస్త ఎరుపు, రొమ్మున కావిరంగు, కన్ను నల్లగా, తడిగా. నా జన్మలో ముందునుంచి చూసిన మొదటి లకుముకి అదే. నొక్కాను. తర్వాత అది దూకి, పరిగెతో పైకొచ్చి, దాన్ని పుల్లకేసి అటూ ఇటూ బాది, తల వైపునుంచి మింగింది. తొందరేం పడలేదు. పక్షి చేపని తింటుంటే నాన్న చివరిదాకా కూర్చుని చూడ్డం కూడా అదే మొదలు.

అది వెళ్ళాక నాన్న చెయ్యి దించాడు. చెంపల మీద వేళ్ళ గుర్తులు ఎర్రగా పడి ఉన్నాయి. ఫొటో చూపించమని సైగ చేశాడు. చూపించాను. చాలాసేపు చూసి, నా తల మీద చెయ్యి వేశాడు. నేను ఆనందపడాలి. అయితే అప్పుడే నాకు భయం వేసింది.

ఆ భయమే నిజమైంది. ఆ రోజునుంచి నాన్న కేకెయ్యలేదు. పిట్ట వస్తే చాలు, నోటి మీదకి చెయ్యి. "ఫొటో వద్దు నాన్నా. నాకు నీ కేక కావాలి. కేకెయ్యి," అని చేతులు పట్టుకుని బతిమాలాను. కెమెరా బీరువాలో పెట్టి తాళం వేశాను. ఆయన బీరువా వైపు చూపించి, తెచ్చుకోమని సైగ చేసేవాడు. ఇవ్వడానికి ఇంకేమీ లేని మనిషి ఇచ్చేశాక వెనక్కి తీసుకుంటాడా? నవ్వేవాడు. ఆ మొండితనం నాకు ఎక్కడినుంచి వచ్చిందో అప్పుడు తెలిసింది. మాటల మేడమ్ కూడా చెప్పి చూసింది. "కేకెయ్యండి బాబాయిగారూ, పరవాలేదు," అంటే ఆవిడకీ అదే నవ్వు. చె అన్న అక్షరం కూడా మళ్ళీ రాలేదు. ఆపుకోగా ఆపుకోగా ఆ ఒక్క దారీ మూసుకుపోయిందేమో నాకు తెలియదు.

వానలు వెనక్కి తగ్గకముందే నాన్నకి పక్షవాతం రెండోసారి వచ్చింది. ఈసారి ఆసుపత్రిలోంచి నడిపించుకుని తెచ్చుకోలేదు.

కొల్లేటికోటకే తీసుకెళ్ళాం. గట్టు దారిన పాడె వెళ్తుంటే ఒక్కో చెరువు మీదనుంచీ కాపలావాళ్ళు దిగి వచ్చి మాతో కలిశారు. చెరువుల మీద కేకెయ్యడానికి ఎవరూ మిగల్లేదు. గూడబాతులు, నీటికాకులు, కొంగలు తీరుబడిగా నీళ్ళ మీదకి దిగాయి. ఆ పూట పోయిన చేపల గురించి ఎవరూ ఎవర్నీ అడగలేదు. పుట్టి బుద్ధెరిగాక కొల్లేటి పక్షులు కదలకుండా ఉండగా నేను చూసింది అప్పుడే. కళ్ళనిండా నీళ్ళు, ఏదీ సరిగ్గా ఆనలేదు.

ఆ లకుముకి ఫొటోని మా ఆయన పెద్దది చేయించి హాల్లో పెట్టారు. వచ్చినవాళ్ళందరూ మెచ్చుకుంటారు. ఎంత ఓపికో మీకు, అంటారు. ఓపిక నాది కాదు. ఆ ఫొటో వైపు నేను చూడను. అందులో నాన్న గొంతు లేదు. నోరు మూసుకుని ఉన్నాడు.

నేను చూసుకునేవి కార్డులో ఉన్నాయి. ఖాళీ పుల్ల, నీలం గీత, చెదిరిన రెక్కలు. కేకని రికార్డు చేసుకోవాలన్న ఆలోచన మా ఇంట్లో ఎవరికీ రాలేదు, రేపు కూడా ఉంటుందనుకున్నాం. కానీ ఈ ఫొటోలు ఒక్కొక్కటీ నాన్న కేక పడ్డ క్షణంలో తీసినవే. పిట్ట ఎంత చెదిరితే కేక అంత గట్టిగా పడ్డట్టు. పాడైనవి తీసేస్తే కార్డు ఖాళీ అవుతుంది కదా అని మా ఆయన ఒకసారి అన్నారు. నా మొహం చూసి మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

మొన్న పొద్దున్న పెరట్లో నీళ్ళు మారుస్తున్నాను. జామకొమ్మకి మేత సంచి ఇంకా ఉంది, ఖాళీ అవ్వగానే నింపుతూనే ఉన్నాను. లకుముకి వచ్చి పుల్ల మీద కూర్చుంది. నాకు ఎదురుగా, నాలుగడుగుల దూరంలో. చీర అడ్డం లేదు, నేను కనబడుతూనే ఉన్నాను. అయినా కూర్చుంది. నీళ్ళలోకి చూసింది, నన్ను చూసింది, ఈకలు దువ్వుకుంది. ఎంతసేపటికీ వెళ్ళలేదు. చిన్నప్పుడు ఒక్క క్షణం ఆగితే చాలని దేన్నయితే బతిమాలుకున్నానో అదే ఇప్పుడు ఎదురుగా కూర్చుని కదలడం లేదు. దాన్ని వెళ్ళగొట్టే మనిషి లేడు.

మూకుడు కింద పెట్టాను. నా గొంతు నాకే వినబడేంత మెల్లగా, "చెవులు మూసుకో అమ్మాయ్," అన్నాను.

తర్వాత కళ్ళు మూసుకుని, ఎడమ చెయ్యి ఎత్తి కేకేశాను. చివర గొంతు నాన్నకి విరిగిన చోటే విరిగింది. కళ్ళు తెరిచేసరికి పుల్ల ఖాళీగా ఊగుతోంది.